మనం ఊరెళ్తే ఆమె నెల గడిచేదెలా?

ఏప్రిల్ వచ్చిందంటే మా తార్నాకలో వీధికి రెండు మూడు ఇళ్లకు తాళాలు పడతాయి. ఇక్కడ రిటైరైన ప్రొఫెసర్లు, సైంటిస్టులు, రైల్వే ఉద్యోగులు ఎక్కువ. ఒక పక్క ఉస్మానియా యూనివర్సిటీ, ఎదురుగా జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ రోడ్డు పొడవునా పరిశోధన సంస్థలు, అటు లాలాగూడ రైల్వే వర్క్ షాపు. ఆ ఇళ్ల పిల్లల్లో సగంమంది అమెరికాలో ఉన్నారు. అమ్మాయికి పురుడనో, మనవడిని చూసుకునే దిక్కు లేదనో పెద్దవాళ్లు ఆర్నెల్లకని బయల్దేరతారు. ఆవకాయ ప్యాకెట్లు, కందిపొడి, పూతరేకులు సర్దుకోవడం, బరువు తూచుకుని మళ్లీ తీసేయడం... ఆ హడావుడి మీకు నేను చెప్పక్కర్లేదు. చివరి రోజున పేపరు ఆపమంటారు. పాలు ఆపమంటారు. గ్యాసు కట్టేస్తారు. "ఇక రేపట్నుంచి రావద్దులే, మేం వచ్చాక కబురు చేస్తాం" అని పనావిడకు చెబుతారు.

పేపరు అబ్బాయికి ఒక ఇల్లు పోయినా ఇంకో వంద ఇళ్లుంటాయి. పాలవాడికీ అంతే. పనావిడకు ఉండేవి నాలుగు ఇళ్లు!

మా ఇంట్లో పనిచేసే ఆవిడ లెక్కే చెబుతాను, వినండి. (పేరు రాయొద్దంది. "మా వాని దోస్తులు సదువుతరమ్మా" అంది.) నాలుగు ఇళ్లకు కలిపి నెలకు పన్నెండు వేలు వస్తుంది. మేం మూడున్నర వేలు, ఇద్దరు మూడేసి వేలు, ఒకరు రెండున్నర వేలు. అందులో మూడున్నర వేల ఇల్లు, ఒక మూడు వేల ఇల్లు ఒకే వేసవిలో అమెరికా వెళ్లాయనుకోండి, చేతికొచ్చేది అయిదున్నర వేలు. ఆమె ఉండే గది అద్దె అయిదు వేలు. మిగిలిన అయిదు వందలతో కరెంటు, గ్యాసు, కూర, నూనె, చీటీ, మొగుడి నడుంనొప్పి మందులు! మనం నెలాఖరులో పచారీ సామాను చీటీ పట్టుకుని తల పట్టుకుంటాం గానీ, అయిదు వందలతో నెల గడపమంటే మనలో ఏ ఇల్లాలైనా గడపగలదా?

మరి ఇంకో రెండిళ్లు చూసుకోవచ్చుగా అంటారు. చూసుకుంటే ఏమవుతుందో కూడా మీకు తెలుసు. ఆర్నెల్ల తర్వాత మనం తిరిగొచ్చి, "మా టైముకు వేరే ఇల్లు ఒప్పుకున్నావా? ఇన్నేళ్లుగా చేస్తున్నదానివి, కాస్త ఆగలేకపోయావా?" అంటాం. అంటే ఆమె మన కోసం ఖాళీగా ఉండాలి, ఆ ఖాళీకి మాత్రం జీతం ఉండదు. తాళం వేసిన ఇంటికి కరెంటు మీటరు మినిమం చార్జీ కడుతున్నాం. అపార్టుమెంటు మెయింటెనెన్సు కడుతున్నాం. కదలని కారుకు ఇన్సూరెన్సు కడుతున్నాం. మనిషి విషయంలోనే "పని లేదుగా, జీతమెందుకు" అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో!

ఇది మీ ఇంటి విషయం, మా ఇంటి విషయం అనిపిస్తుంది గానీ, పెద్ద పెద్దవాళ్లు 'నిరుద్యోగ సమస్య' అని సభల్లో మాట్లాడేది దీన్ని గురించే. పని పోయిన మనిషికి మళ్లీ పని దొరికేదాకా ఎవరు ఆసరా? మన రాజ్యాంగంలో 41వ అధికరణం అని ఒకటుంది. పని హక్కు గురించీ, నిరుద్యోగం, ముసలితనం, జబ్బు వచ్చినప్పుడు ప్రభుత్వ సాయం గురించీ అందులోనే రాశారు. కాకపోతే అది ఆదేశిక సూత్రం. ప్రభుత్వం తన శక్తి మేరకు చెయ్యాలి గానీ, చెయ్యలేదని కోర్టుకు వెళ్లి అడగడానికి లేదు. మన ఇళ్లలో "వీలైతే చూద్దాంలే" అంటామే, అలాంటిదన్నమాట.

మా పనావిడ కూతురు ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. జీతం పద్నాలుగు వేలు. అందులో ఈ.ఎస్.ఐ. కింద 105 రూపాయలు కోస్తారు. యజమాని తన వాటా 455 కడతాడు. 2019 జులై నుంచి లెక్క ఇదే, ఉద్యోగి జీతంలో ముప్పావు శాతం, యజమాని మూడుంపావు శాతం. ఆ నంబరు ఉంది కాబట్టి జబ్బు చేస్తే ఆస్పత్రి ఉంది, పురుటికి సెలవు జీతం ఉంది. చాలామందికి తెలియని ఇంకో సంగతి, ఉద్యోగం ఊడిపోయినవాళ్లకు కొంత డబ్బిచ్చే పథకాన్ని ఈ.ఎస్.ఐ. 2018 జులై 1న మొదలుపెట్టింది. అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన దాని పేరు. మొదట సగటు సంపాదనలో పావు వంతు ఇచ్చేవారు, 2020లో కరోనా సమయంలో దాన్ని సగానికి పెంచారు, 90 రోజుల దాకా. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్లలోనో దుకాణాల్లో, ఆస్పత్రుల్లో, సెక్యూరిటీ ఏజెన్సీల్లో చేసేవాళ్లుంటే, జీతం కాగితంలో ఈ.ఎస్.ఐ. నంబరు ఉందో లేదో ఒకసారి చూడమనండి. జీతంలో కోత కనిపించి నంబరు లేదంటే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

కూతురికి ఇవన్నీ ఉన్నాయి. ముప్ఫై ఏళ్లుగా అంట్లు తోమి, చేతివేళ్లు సబ్బునీళ్లకు ఒరుసుకుపోయిన తల్లికి ఇందులో ఒక్కటీ లేదు. ఎందుకంటే ఈ.ఎస్.ఐ. చట్టానికి కనీసం పదిమంది పనిచేసే చోటు కావాలి. మన వంటింట్లో పనిచేసేది ఒక్కరే కదా!

అసలేమీ లేదని కాదు లెండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలోకి తెచ్చారు. మనలో ఎంతమందికి తెలుసు? 2011లో జెనీవాలో ఇంటిపనివారి కోసం అంతర్జాతీయ ఒప్పందం ఒకటి కుదిరింది. మన దేశం అనుకూలంగా ఓటేసింది గానీ, దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం కావాలేమో పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ చట్టమేదో వచ్చేలోగా నెలలు గడవాలి కదా.

నిజం చెప్పాలంటే, గత కొన్నేళ్లలో ఆమె దాకా వచ్చినవి కొన్ని ఉన్నాయి. ఆమె ఉప్పల్ దాటి లోపలి నుంచి వస్తుంది. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక, రోజుకు నలభై రూపాయల చొప్పున నెలకు వెయ్యి మిగులుతోందని తనే చెప్పింది. ఆ వెయ్యిని చీటీలో వేస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి రేషను షాపులో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టినప్పుడు మా అమ్మ "ఇక పనివాళ్లు దొరకరు" అందట. దొరుకుతూనే ఉన్నారు. బియ్యంతో బాటు అద్దె, ఫీజు, మందులు కూడా కొనాలి గదా మరి! ఆరోగ్యశ్రీ పది లక్షలైంది. కాబట్టి ఆకలికీ, పెద్ద జబ్బుకూ ఏదో ఒకటి ఉంది. పని లేని నెలకు మాత్రం ఏమీ లేదు. నా గొడవంతా అక్కడే.

2020 మార్చిలో ఇది ఎలా ఉంటుందో అందరం చూశాం. గేటు దగ్గర కాగితం అంటించారు, పనివాళ్లు లోపలికి రాకూడదని. రాష్ట్ర ప్రభుత్వం తెల్లకార్డు ఉన్న ఇంటికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. జన్ ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం మూడు నెలలు అయిదేసి వందలు వేసింది. అప్పుడు మా వీధిలో కొందరు ఇల్లాళ్లు పని చేయించుకోకుండానే పూర్తి జీతం పంపారు. ఇంకొందరు సగం. మరికొందరు ఫోను ఎత్తలేదు. ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు అన్నది ఆమెకు ఈ రోజుకీ గుర్తుంది. గొడవ పెట్టుకోదు, సాధించదు, గుర్తుంచుకుంటుంది అంతే.

పల్లెలో అయితే కాస్త నయమనిపిస్తుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఇంటికి ఏడాదికి వంద రోజుల పని, అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టంలోనే రాశారు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వేరే చట్టం తెచ్చి 125 రోజులంది. ఏ చట్టమైనా పల్లెకే. కూలి లేక పట్నం వచ్చినవాళ్లు ఊరు పొలిమేర దాటగానే ఆ హామీ కూడా అక్కడే ఉండిపోతుంది. కేరళలో పట్టణాలకు కూడా అయ్యన్‌కాళి పేరుతో పని హామీ పథకం పెట్టారు. మన దగ్గర అలాంటిది లేదు.

ఇక ఆమె కొడుకు సంగతి. ఇది ఇంకో రకం నిరుద్యోగం, అదీ మా వీధి చివరే ఉంది.

మీరెప్పుడైనా ఉస్మానియా క్యాంపస్ లోకి పొద్దున పూట వాకింగుకు వస్తే చూడండి. ఆర్ట్స్ కాలేజీ రాతిభవనం ముందు ఫోటోలు దిగేవాళ్లు దిగుతుంటారు. లైబ్రరీ వైపు మాత్రం అప్పటికే బ్యాగులు వరసగా పెట్టి ఉంటాయి, సీటు కోసం. లోపల చోటు లేనివాళ్లు చెట్ల కింద చదువుతుంటారు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, జిరాక్సు కాగితాల కట్ట. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లు కూడా కనిపిస్తారు. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మాట ఈ క్యాంపస్ లో ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. ఆ మూడో మాట కోసం కూర్చున్నవాళ్లు వీళ్లు.

మా పనావిడ కొడుకు ఎం.ఏ. చదివి గ్రూప్-1 రాస్తున్నాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 తర్వాత ఇక్కడ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022లో, 503 ఉద్యోగాలకు. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశాడు. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశాడు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలకు కొత్త నోటిఫికేషన్. జూన్ 9న మూడోసారి అదే ప్రిలిమ్స్! "ఒక్క పరీచ్చ ఎన్నిసార్లు రాస్తరమ్మా?" అని ఆమె నన్నడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఒక్కో వాయిదాకు ఆ అబ్బాయికి ఒక ఏడాది వయసు, ఆ తల్లికి ఒక ఏడాది అంట్లు. పుస్తకాలు, కోచింగు, మెస్సు, అన్నీ ఆ సబ్బునీళ్లలోంచి వచ్చినవే.

ఇప్పుడతను సాయంత్రాలు బండి మీద భోజనం పార్సిళ్లు అందిస్తున్నాడు. ఎం.ఏ. చదివి ఇదేమిటని ఆమె బాధ. నాకైతే ఆ అబ్బాయిని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ పనికీ పద్ధతి లేదు, కింద పడితే దిక్కు లేదు. రోజుకు ఇన్ని గంటలు చేస్తే ఇంత అని నమ్మకం లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త సామాజిక భద్రతా స్మృతిలో ఇలాంటి పనివాళ్లకు మొదటిసారి పేరు పెట్టారు, కంపెనీలు వాళ్ల కోసం కొంత సొమ్ము జమచేయాలన్నారు. చూడాలి.

నిరుద్యోగ భృతి మాట మీరు ఎన్నికలప్పుడల్లా వినే ఉంటారు. ఆంధ్రప్రదేశ్ లో 2018 అక్టోబరు 2న నెలకు వెయ్యి రూపాయలతో మొదలుపెట్టారు, ప్రభుత్వం మారాక ఆగిపోయింది. తెలంగాణలో అదే ఏడాది ఎన్నికల్లో 3,016 ఇస్తామన్నారు. రాలేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ అబ్బాయికి మూడు వేల భృతి కంటే చెప్పిన తేదీకి జరిగే పరీక్ష ఎక్కువ మేలు. తప్పితే తప్పాడు, ఇంకో దారి చూసుకుంటాడు. అవునో కాదో తెలియకుండా కూర్చోబెట్టడమే అన్యాయం. భృతి ఇవ్వాల్సింది వాళ్ల అమ్మలాంటి వాళ్లకు, పని చేస్తూ చేస్తూ నెల మధ్యలో పని పోయేవాళ్లకు. ఇది నా లెక్క. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఈ క్యాంపస్ లోనే యూనివర్సిటీ ఎంప్లాయ్‌మెంట్ బ్యూరో ఉంది. మన రోజుల్లో డిగ్రీ పాసవగానే మొదట చేసే పని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకోవడం, గుర్తుందా? మూడేళ్లకోసారి రెన్యువల్, కార్డు అట్ట చిరిగిపోయేదాకా. ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపాలని 1959లో చట్టమే చేశారు. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసులోనే సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజీ పంపిన పేర్లు ఒక్కటే చూస్తే చాలదు, పేపర్లలో ప్రకటన ఇచ్చి దరఖాస్తు పెట్టిన అందరినీ పరిశీలించాలంది. న్యాయమైన తీర్పే. దాంతో వరస నంబరు కోసం ఎదురుచూసే రోజులు పోయి, ఖాళీ వందల్లో, దరఖాస్తులు లక్షల్లో ఉండే పోటీ వచ్చింది.

అమెరికా మాట ఎత్తాను కాబట్టి ఇది కూడా చెబుతాను. మన పిల్లలు ఉండే ఆ దేశంలో 1935 నుంచే నిరుద్యోగ బీమా ఉంది. ఉద్యోగం పోతే చాలా రాష్ట్రాల్లో 26 వారాల దాకా వారం వారం కొంత సొమ్ము వస్తుంది. అయితే హెచ్-1బి వీసా మీద ఉన్న మన పిల్లలకు సాధారణంగా అది అందదు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా మూటాముల్లె సర్దుకోవాలి. మా పక్క వీధిలో ఒకావిడ కొడుక్కి అలాగే ఉద్యోగం పోయింది. ఆ రెండు నెలలూ ఆవిడకు అన్నం సహించలేదు. రోజూ లెక్కపెట్టుకునేది, ఇంకా ముప్ఫై ఎనిమిది రోజులు, ఇంకా ఇరవై రెండు రోజులు అని. అరవై రోజుల గడువు అంత భయపెట్టింది. మనం పనావిడకు ఇచ్చే గడువు ఒక రాత్రి!

మేం రెండేళ్ల క్రితం ఆర్నెల్లు వెళ్లినప్పుడు సగం జీతం, అంటే నెలకు 1,750 చొప్పున ఇచ్చి వెళ్లాం. మొత్తం 10,500. విమాన టిక్కెట్ల పక్కన పెట్టి చూస్తే ఆ డబ్బు ఎంతో మీరే లెక్కేసుకోండి. బదులుగా వారానికోసారి తాళం తీసి, ఇల్లు ఊడ్చి, మొక్కలకు నీళ్లు పోసింది. తిరిగొచ్చిన రోజు ఫ్రిజ్జులో పాలు, పెరుగు పెట్టి ఉన్నాయి. ఈ సంగతి మా అపార్టుమెంటులో తెలిసి పెద్ద చర్చే జరిగింది. "మీరిలా అలవాటు చేస్తే మేమేమైపోవాలి?" అని ఒకరు. "ఖాళీగా కూర్చుని డబ్బు తింటే రేపు పనికి వంగుతుందా?" అని ఇంకొకరు. మూడో అంతస్తు పెద్దావిడ అన్నదే కాస్త ఆలోచించదగ్గ మాట. "నాకు వచ్చేదే ఫ్యామిలీ పెన్షను. టిక్కెట్లు అల్లుడు కొంటాడు. నేనెక్కణ్నుంచి తెచ్చివ్వను?" అంది. నిజమే. అలాంటప్పుడు డబ్బు ఇవ్వలేకపోయినా రెండు నెలల ముందు చెప్పడం చేతిలో పనే కదా. టిక్కెట్టు బుక్కయిన రోజే చెబితే ఆమె ఇంకో ఇల్లు వెతుక్కుంటుంది. "తిరిగొచ్చాక నువ్వు కుదరకపోతే ఏమీ అనుకోను" అని కూడా అప్పుడే చెప్పాలి. పెద్దావిడ ఈసారి అలాగే చెప్పింది. పనావిడ ఎదురింట్లో కుదురుకుంది కూడా.

మీ ఇంట్లో పనిచేసే మనిషికి ఇంకో రెండు పనులు చేసి పెట్టొచ్చు. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ కార్డు ఉందో లేదో అడగండి. ఆధారు, ఫోను నంబరు ఉంటే మీ అబ్బాయో అమ్మాయో కాసేపట్లో చేసిపెట్టగలరు. నలభై లోపు వయసైతే శ్రమ యోగి మాన్‌ధన్ పెన్షనులో చేరొచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే అంతే మొత్తం కేంద్రం వేస్తుంది, అరవై నిండాక నెలకు 3,000 వస్తుంది. మా పనావిడకు నలభై నాలుగు, ఆ బండి దాటిపోయింది. భర్త సెంట్రింగు మేస్త్రీ, 1996 చట్టం కింద భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకుని ఉంటే నడుం దెబ్బ తగిలినప్పుడు అడిగే హక్కుండేది. ఎవరూ చెప్పలేదట. మీ వీధిలో ఇల్లు కడుతున్న కూలీలు కనిపిస్తే ఆ కార్డు మాట ఒకటి చెవిన వేయండి, తప్పులేదు.

బ్యాంకు ఖాతా ఉన్న ఎవరికైనా ప్రాణానికి రెండు లక్షల బీమా ఏడాదికి 436 రూపాయలకు, ప్రమాదానికి మరో రెండు లక్షల బీమా 20 రూపాయలకు ఉన్నాయి. మొదటిదాంట్లో చేరడానికి యాభై ఏళ్ల లోపు, రెండోదానికి డెబ్భై లోపు ఉండాలి. మా పనావిడకు రెండూ ఉన్నాయి. పోయినేడు మాత్రం ఖాతాలో డబ్బు లేక తెగిపోయేదే, కొడుకు చూసి వేశాడు. ఈ బీమాల ఏడాది జూన్ 1న మొదలవుతుంది. మే నెలాఖరులోపు ఖాతాలో 456 రూపాయలు ఉన్నాయో లేదో చూసుకోమని ఆమెకు చెప్పండి. లేకపోతే ఆ నెల జీతం నాలుగు రోజులు ముందే ఇచ్చేయండి.